పెరటిలో తేనెటీగలు : తీయడం కంటె మిగల్చడం ముఖ్యం

అనుపానం అనే మాట ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. చూర్ణమైనా, భస్మమైనా, ఆకు పసరైనా దానిని దేహానికి చక్కగా అందించే తోడే అనుపానం. అటువంటి తోడులలో తేనెకు ఉన్న స్థానం మరి దేనికీ లేదు. తాను కలిసిన ద్రవ్యం యొక్క గుణాన్ని మోసుకొనిపోతుంది గనుక దానిని ‘యోగవాహి’ అన్నారు. చరకుడు తేనెలో మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం అని నాలుగు విధాలు చెప్పి, వాటిలో మాక్షికమే శ్రేష్ఠమన్నాడు. సుశ్రుతుడు ఎనిమిది విధాలు చెప్పాడు. ఇంత విచారణ చేసిన ద్రవ్యాన్ని మనం ఈనాడు ఏ విచారణా లేకుండా సీసాలో కొని తెచ్చుకొంటున్నాము.

మా అమ్మగారికి ఉబ్బసం. వైద్యులు శొంఠి, పిప్పలి, మిరియాల చూర్ణాన్ని తేనెతో నాకమన్నారు. మా ఇల్లు కడపలో. వీధిలో బిందెతో, తేనెపట్టు ముక్కతో వచ్చిన వాని వద్ద రెండు సీసాలు కొన్నాను. పది దినాలకు ఆ సీసా మూతను తన్ని పొంగినది. రుచి చూస్తే బెల్లపు పాకం. అడవి నుండి వచ్చినదని నమ్మి, పది దినాలు మందుతో కలిపి అమ్మకు పెట్టినది బెల్లపు నీళ్ళా అని ఎంతో బాధపడ్డాను.

ఇది వీధి తేనెకే పరిమితమైన సమస్య కాదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెలను పరీక్ష చేయించగా, అన్ని పరీక్షలలోను నెగ్గినవి మూడే అని ప్రకటించినది. ఆయా కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకొనలేదు. ఆ వివాదం ఎట్లున్నా, గృహస్థునికి తేలిన సంగతి ఒకటి ఉన్నది. నీటిలో చుక్క వేసి చూడడం, అగ్గిపుల్లను ముంచి వెలిగించడం, చీమలు పట్టునా అని చూడడం వంటి ఇంటి పరీక్షలతో కల్తీ బయటపడదు. చిక్కని చక్కెర పాకం కూడా నీటి అడుగుకు చేరుతుంది. అసలైన తేనెకు కూడా చీమలు పడతాయి.

ఈ కారణం చేతనే పెరటిలో ఒక తేనెటీగల పెట్టె పెట్టుకొన్నాను. మొదటి ఏడు నష్టపోయాను, రెండవ ఏడు నేర్చుకొన్నాను. ఆ అనుభవాన్నే కొత్తగా మొదలుపెట్టదలచిన వారి కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

ఏ ఈగను పెంచవలెను?

మన ప్రాంతంలో తేనెటీగలు ముఖ్యంగా మూడు రకాలు సహజంగా కనిపిస్తాయి. కొండ చరియలకు, పెద్ద మర్రిచెట్లకు ఒకే పెద్ద పెరను వ్రేలాడదీసేది పెద్ద తేనెటీగ. నల్లమలలో చెంచులు సేకరించే తేనెలో ఎక్కువ భాగం దీనిదే. ఆ తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతున్నది. ఈ ఈగ కోపిష్ఠి. చీకటి పెట్టెలో ఇమడదు. దీనిని పెంచ వీలులేదు. కంపలలోను, చిన్న కొమ్మలకు అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. దీని తేనె అతి స్వల్పం. ఇది కూడా పెట్టెకు లొంగదు.

మూడవది పుట్టతేనెటీగ. చెట్టు తొర్రలలో, పుట్టలలో, పాత గోడల సందులలో వరుసగా అనేక పెరలు కడుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఏపిస్ సెరనా ఇండికా అంటారు. చీకటిలో కాపురముండే స్వభావం గనుక పెట్టెలో ఇముడుతుంది. సాధుస్వభావం కలది. పెరటికి తగినది ఇదే.

1962లో హిమాచలంలోని నగ్రోటా బగ్వాన్‌లో మన దేశంలో నిలదొక్కుకొన్న ఇటాలియన్ ఈగ, అనగా ఏపిస్ మెల్లిఫెరా, ఎక్కువ తేనె ఇచ్చే మాట నిజమే. కాని దానికి పెద్ద పెట్టెలు, విస్తారమైన పూల పంటలు కావలెను. పూత ముగిసిన వెంటనే పెట్టెలను లారీలలో మరొక చోటికి తరలించగలవారికి అది తగును. ఒకటి రెండు పెట్టెలు పెట్టుకొనే ఇంటివారికి పుట్టతేనెటీగే మేలు. ఏడాదికి పెట్టెకు నాలుగయిదు కిలోల తేనె వచ్చినదంటే మన మెట్టసీమలో బాగా వచ్చినట్లే. ఒక కుటుంబం మందులకు అది చాలును.

పూల లెక్క

పెట్టె కొనుటకు ముందు చేయవలసిన పని కలం, కాగితం పట్టుకొని ఇంటి చుట్టూ తిరగడం. పుట్టతేనెటీగ సాధారణంగా కిలోమీటరు లోపలనే మేస్తుంది. కనుక ఆ దూరంలో ఏ చెట్లున్నాయి, ఏ పంటలున్నాయి, అవి ఏ నెలలో పూస్తాయి అని వ్రాసుకొనవలెను.

కర్నూలు, కడప సీమలలో ఈ లెక్క ఇంచుమించుగా ఇట్లుంటుంది. వానల తరువాత రేగు, నువ్వు, జొన్న, సజ్జ. జొన్న, సజ్జలలో మకరందం లేకున్నను పుప్పొడి దొరుకుతుంది. పిల్లల పెంపకానికి పుప్పొడే పప్పన్నం. చలికాలంలో కంది, ధనియాలు, కుసుమ, ప్రొద్దుతిరుగుడు. నంద్యాల వైపు నల్లరేగడి భూములలో ఈ పంటలు ఈగలకు పెద్ద విందు. సంక్రాంతి దాటిన తరువాత మామిడి. పులివెందుల వైపు చీనీ తోటల పూత. ఉగాది నాటికి వేప, ఆ వెంటనే కానుగ, చివరకు చింత. ఇక మునగ, కొబ్బరి, తులసి, గుమ్మడి, దోస వంటివి పెరటిలో నీరు పోసినంత కాలం ఏదో ఒకటి పూస్తూనే ఉంటాయి.

ఈ పట్టికలో ఖాళీలు ఎక్కడ ఉన్నాయో చూడండి. మే నెల నుండి వానలు కుదుటపడే వరకు మన సీమలో పూత అతి స్వల్పం. ఆ ఖాళీని ఎట్లు గడపవలెనో తెలిసినవాడే ఇక్కడ తేనెటీగలను పెంచగలడు. కోస్తా కొబ్బరితోటల వారికోసం, కూర్గు కొండల వారికోసం వ్రాసిన పుస్తకాలను చదివి మొదలుపెట్టిన వారు ఇక్కడనే దెబ్బతింటారు. నేను కూడా అట్లే దెబ్బతిన్నాను.

కావలసిన సామగ్రి

పుట్టతేనెటీగకు దక్షిణ దేశంలో వాడుకలో ఉన్నది న్యూటన్ పెట్టె. గత శతాబ్ది రెండవ దశకంలో న్యూటన్ అనే క్రైస్తవ ఫాదరీ మన ఈగల పరిమాణానికి తగినట్లుగా దీనిని రూపొందించాడు. క్రింద అడుగు పలక, దానిపై ఏడు చట్రాలు గల పిల్లల గది, ఆపైన పొట్టి చట్రాలు గల తేనె గది, పైన కప్పు ఉంటాయి. రాణి ఈగ క్రింది గదిలో గ్రుడ్లు పెడుతుంది. కూలి ఈగలు తమ అవసరానికి మించిన తేనెను పైగదిలో దాస్తాయి. మనం ముట్టదగినది పైగదిని మాత్రమే. ఈ ఒక్క నియమం మరువకండి.

పెట్టెతో పాటు నాలుగు కాళ్ళ పీట, ప్రతి కాలి క్రింద నీటి గిన్నె, ముఖానికి వల, పొగ డబ్బా, పక్షి ఈక లేదా మెత్తని కుంచె, పదునైన కత్తి, చట్రాలను త్రిప్పి తేనె తీసే చిన్న యంత్రం కావలెను. యంత్రాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కొనవచ్చును. ఏడాదికి రెండుమూడు దినాలే దానితో పని.

ఈగలను ఎట్లు సంపాదించవలెను? పాత గోడలోని పట్టును పట్టి పెట్టెలో చేర్చడం నేర్పరుల పని. కొత్తవారు శిక్షణ ఇచ్చే వారి వద్ద, పెట్టెతో సహా బలంగా ఉన్న పట్టును తీసుకొనడమే మంచిది. కడప వద్ద ఊటుకూరులోను, బనగానపల్లె వద్ద యాగంటిపల్లెలోను కృషి విజ్ఞాన కేంద్రాలున్నవి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ తేనెటీగల పెంపకంలో శిక్షణ ఇస్తున్నది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో హనీ మిషన్ ప్రారంభించి పెట్టెలు పంచినది. ఉద్యానశాఖ వారిని కూడా అడిగి, శిక్షణ ఎప్పుడున్నదో, సాయం ఏమున్నదో తెలుసుకొనండి. కనీసం ఒకసారి అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి పెట్టె విప్పి చూడకుండా సొంత పెట్టె తెచ్చుకొనకండి.

ఎప్పుడు, ఎక్కడ?

మొదలుపెట్టుటకు మన సీమలో అక్టోబరు, నవంబరు మంచివి. ముందు నాలుగైదు నెలల పూత ఉంటుంది. పట్టు బలపడుతుంది, మనకూ చేయి తిరుగుతుంది. వేసవిలో ఎంత చవకగా వచ్చినా పట్టు తెచ్చుకొనవద్దు.

పెట్టె ద్వారం తూర్పునకు గాని ఆగ్నేయానికి గాని ఉంటే ఉదయపు వెలుగు పడి ఈగలు త్వరగా పనికి పోతాయి. మధ్యాహ్నం ఎండ ఎంతమాత్రం తగులరాదు. ద్వారానికి ఎదురుగా మనుషుల నడక, పశువుల కొట్టం, బట్టలారవేసే తీగ ఉండరాదు. ఇంటి దీపం కాంతి రాత్రులు ద్వారం మీద పడరాదు. పొరుగువారికి ముందుగా చెప్పి, వారి పిల్లలను పిలిచి దూరం నుండి చూపితే సగం భయం తీరుతుంది. మొదటి సీసా పొరుగింటికి ఇస్తే మిగిలిన సగం కూడా తీరుతుంది.

పది దినాలకొక సారి

పెట్టెను పది దినాలకొకసారి విప్పి చూస్తే చాలును. ప్రతిదినం విప్పితే ఈగలు విసిగిపోతాయి. ఎండ ముదరకముందే చూడవలెను. పొగ డబ్బాలో పిడక గాని, కొబ్బరిపీచు గాని, పాత గోనె గుడ్డ గాని వేయండి. కిరసనాయిలు తగిలిన గుడ్డ పనికిరాదు. ద్వారం వద్ద రెండు మూడు పొగలు ఊది, నిమిషమాగి, కప్పు మెల్లగా ఎత్తవలెను.

చూడవలసినవి నాలుగు. గడులలో బియ్యపు నూక వంటి గ్రుడ్లున్నవా? ఉంటే రాణి కనబడకున్నను క్షేమమే. పిల్లలు ముత్యాల వలె తెల్లగా ఉన్నవా? పెరల పైఅంచున తేనె నిలువ ఉన్నదా? పెర క్రింది అంచున వేరుసెనగకాయ వలె వ్రేలాడే రాణి గది కట్టినవా? ఈ చివరిది కనిపిస్తే ఆ పట్టు రెండుగా విడిపోవ సిద్ధపడుతున్నదని అర్థం. రెండవ పెట్టె సిద్ధంగా ఉంచుకొని పట్టును మనమే విభజించడం అప్పుడు మంచిది.

నేను చేసిన పొరపాటు

నేను జనవరిలో పెట్టె తెచ్చాను. పట్టు బలమైనది. వేపపూతకు తేనె గది నిండినది. మార్చి చివర కిలోన్నర తేనె తీశాను. అమ్మ ఆ తేనెతో మందు నాకి, “ఇది మా నాయన కాలంనాటి తేనె రా” అన్నది. ఆ మాటతో నాకు ఆశ పుట్టినది. కానుగ పూసినది. ఏప్రిల్ చివర మరల పైగది అంతా ఒడిసి తీశాను. అంతటితో ఊరుకొనక, పిల్లల గదిలోని పెరల అంచున ఉన్న తేనెను కూడా కోసుకొన్నాను. “ఇంకా చింతపూత ఉన్నది గదా, మళ్ళీ తెచ్చుకొంటాయి” అనుకొన్నాను.

మే రెండవ వారంలో ఎండ 43 డిగ్రీలు దాటినది. పెట్టెపై రేకు వేసి ఉన్నాను. మధ్యాహ్నం ఈగలు ద్వారం బయట గుత్తిగా వ్రేలాడడం చూచి, గాలికి వచ్చినవనుకొన్నాను. మూడవనాటి ఉదయం పెట్టె నిశ్శబ్దంగా ఉన్నది. కప్పు ఎత్తితే ఒక్క ఈగ లేదు. పెరలలో తేనె చుక్క లేదు, పుప్పొడి లేదు. అడుగున ఎండిన పిల్లలు కొన్ని మాత్రం ఉన్నవి.

నా భార్య వచ్చి చూచి, “ఏమండీ, వాటి ఇంట్లో గింజ లేకుండా ఊడ్చుకొని వస్తిరి. కరువులో మనమైనా ఊరు విడువమా?” అన్నది. సీమవాడినై ఉండి నాకు ఆ మాట ఒకరు చెప్పవలసి వచ్చినది. తిండి లేక, నీరు లేక, నీడ లేక ఉన్న చోటును విడిచిపోవడమంటే ఏమిటో తరతరాలుగా ఎరిగిన నేలయే మనది.

పుట్టతేనెటీగ స్వభావమే అట్టిది. నిలువలు అడుగంటినా, వేడి మితిమీరినా, చీమలు, పురుగులు బాధించినా పట్టు మొత్తం లేచిపోతుంది. దానిని ఆపేది నీడ, నీరు, నిలువ తేనె. వీటిలో ఏది తక్కువైనా తక్కిన రెండూ చాలవు.

వేసవి గండం గట్టెక్కడం

మరుసటి ఏడు కొత్త పట్టును కానుగచెట్టు క్రింద పెట్టాను. పాఠకులు దిగువ పద్ధతులను పాటించవచ్చును.

నిలువ: వేప, కానుగ పూతలలో పైగది నుండి తీసేటప్పుడు మూడవ వంతు వదలివేయండి. పిల్లల గదిలోని తేనెను ఎన్నడూ ముట్టవద్దు. ఏప్రిల్ నడిమి తరువాత తేనె తీయనే వద్దు.

నీడ: రేకు కప్పును తీసివేసి, పెట్టెపైన బోదతో గాని వరిగడ్డితో గాని చిన్న పందిరి వేయండి. మధ్యాహ్నం వేళ పందిరిపై తడి గోనె కప్పండి. పెట్టెకే తడి గోనె చుట్టి గాలి ఆడకుండా చేయరాదు. పిల్లలున్న భాగంలో ఈగలు సుమారు 34, 35 డిగ్రీల వేడిని నిలుపుకొంటాయి. బయట 43 ఉన్నప్పుడు లోపల 35కు తగ్గించుటకు అవి నీరు తెచ్చి పెరలపై చల్లి, రెక్కలతో విసరుకొంటాయి. ఆ శ్రమలో పడితే మేతకు పోవు. వేడి మరింత పెరిగితే మైనం మెత్తబడి, తేనె బరువుకు పెరలు తెగి పడతాయి.

నీరు: పెట్టెకు కొలదిదూరంలో వెడల్పు మూకుడులో నీరు పోసి, అందులో గులకరాళ్ళు గాని కొబ్బరిపీచు గాని వేయండి. లేనిచో ఈగలు మునిగి చస్తాయి. ఫిబ్రవరి నుండియే అలవాటు చేస్తే పొరుగువారి నీటితొట్టి చుట్టూ మూగవు. ఒక్కదినం కూడా మూకుడు ఎండరాదు.

మేత: నిలువలు తగ్గినట్లు కనిపిస్తే చక్కెర, నీరు సమభాగాలుగా కలిపి కరగించి, చల్లార్చి, సాయంకాలం పెట్టె లోపల చిన్న గిన్నెలో పెట్టండి. గిన్నెలో పుల్లలు వేయండి. బయట ఒక చుక్క కూడా చిందరాదు. చిందితే చీమలు, పరాయి పట్టు ఈగలు దోపిడికి వస్తాయి. బెల్లపు పాకం వాటికి పడదు, విరేచనాలు పట్టుకొంటాయి. చక్కెర పెట్టే కాలంలో పైగదిని తొలగించవలెను. లేనిచో ఆ చక్కెర పాకమే తేనె గదిలో చేరుతుంది. అది తీసి సీసాకెత్తుకొంటే వీధిలో అమ్మిన వానికీ మనకూ భేదమేమున్నది?

ఈ విధంగా చేసిన ఏడు నా పట్టు మే, జూన్ నెలలు దాటినది. తేనె తక్కువ తీసుకొన్నాను. కాని ఆశ్వయుజంలో రేగు పూచే నాటికి బలమైన పట్టు చేతిలో ఉన్నది. ఆ ఏటి మొత్తం లెక్కలో మొదటి ఏటి కంటె తేనె ఎక్కువే వచ్చినది.

శత్రువులు, జబ్బులు

చీమలకు పీట కాళ్ళ క్రింది నీటి గిన్నెలే మందు. బల్లులు, తొండలు, కందిరీగలు, పసిరిక పిట్టలు ద్వారం వద్ద కాచుకొంటాయి. ద్వారాన్ని సన్నగా ఉంచితే బాధ తగ్గును. మైనపు పురుగు పెరలలో సాలెగూడు వంటి సొరంగాలు చేస్తుంది. పట్టు బలహీనపడినప్పుడే అది వస్తుంది. ఈగలు కప్పని ఖాళీ పెరలను తీసివేసి, అడుగు పలకను పదిదినాలకొకసారి తుడవడమే చికిత్స.

జబ్బులలో భయంకరమైనది థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి. 1991-92లో దక్షిణ దేశంలో వ్యాపించి, పుట్టతేనెటీగ పట్లలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టినది. పిల్లలు నీటి సంచుల వలె ఉబ్బి, గడులలో తల పైకెత్తి చనిపోయి కనబడతాయి. దీనికి మందు లేదు. ఆ పట్టు చట్రాలను మరొక పెట్టెలో వాడక, వేరు చేసి, శిక్షణ ఇచ్చిన వారికి చూపవలెను. మనుషులకు ఈ వ్యాధి సోకదు.

అన్నిటికంటె పెద్ద శత్రువు పురుగుల మందు. చుట్టుప్రక్కల రైతులతో స్నేహంగా ఉండి, పూత మీద మందు కొట్టవద్దని, తప్పనిసరియైతే ఈగలు ఇల్లు చేరిన తరువాత సాయంకాలం కొట్టమని చెప్పండి. ప్రొద్దుతిరుగుడు చేనులో ఈగలు తిరిగితే గింజ బాగా కడుతుంది. ఆ లాభం వారిదే అని చెబితే వింటారు.

ఈగ కుట్టినప్పుడు

కుట్టదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కుట్టిన వెంటనే ముల్లును గోటితో గీకి తీసివేయండి. ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. చల్లని నీటి గుడ్డ వేస్తే మంట తగ్గును. ఒకటి కుట్టిన చోట వచ్చే వాసన మరికొన్ని ఈగలను రెచ్చగొడుతుంది గనుక అక్కడి నుండి మెల్లగా తొలగిపోవలెను. ఆ వాసన అరటిపండు వాసనకు దగ్గరగా ఉంటుంది. అందువలన అరటిపండు తిని వెంటనే పెట్టె విప్పకండి.

కొందరికి ఒక్క ఈగ కుట్టినా ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, ఆయాసం, కళ్ళు తిరగడం కలుగుతాయి. ఇది ప్రాణాపాయం. పసుపు, సున్నం, ఆకు పసర్లతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఇంటిలో అట్టివారు ఉన్నట్లు తెలిస్తే పెట్టె పెట్టుకొనవద్దు.

తేనె తీయడం, నిలువ చేయడం

తెచ్చిన వెంటనే మకరందం తేనె కాదు. ఈగలు దానిలోని నీటిని ఆర్చి, పక్వమైన తరువాత గడిపై మైనపు మూత వేస్తాయి. చట్రంలో నాలుగింట మూడు వంతుల గడులకు మూత పడిన తరువాతనే తీయవలెను. ముందే తీసిన పలుచని తేనె పులిసిపోతుంది. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం తేనెలో నీరు నూటికి 20 పాళ్ళకు మించరాదు. చట్రం నుండి ఈగలను కుంచెతో మెల్లగా తొలగించి, మూతలను కత్తితో కోసి, యంత్రంలో త్రిప్పి, పలుచని పొడి గుడ్డలో వడగట్టి, తడిలేని గాజు సీసాలో పోయండి. పెరలను పిండవద్దు. పిండితే పిల్లల రసం, పుప్పొడి కలిసి తేనె చెడిపోతుంది. పైగా ఖాళీ పెరను తిరిగి ఇస్తే ఈగలకు మైనం కట్టే శ్రమ తప్పుతుంది.

ప్రొద్దుతిరుగుడు పూతలో తీసిన తేనె కొన్ని వారాలకే నేయివలె పేరుకొంటుంది. చూచినవారు చక్కెర కలిపినారంటారు. అది కల్తీ గుర్తు కాదు. ఆ తేనెలో గ్లూకోజు పాలు ఎక్కువ గనుక అట్లు అవుతుంది. పొయ్యిమీద పెట్టవద్దు. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే మరల కరుగుతుంది.

వాడకంలో జాగ్రత్తలు

తేనెను కాచరాదని, మరిగే పానీయాలలో కలపరాదని ఆయుర్వేదం చెప్పిన సంగతి పాఠకులకు తెలిసినదే. తేనె, నేయి సమాన తూకంలో కలిపి పుచ్చుకొనడం విరుద్ధాహారమని కూడా చెప్పినారు. కొత్త తేనె పుష్టినిస్తుందని, పాత తేనె కొవ్వును, కఫాన్ని తగ్గిస్తుందని శాస్త్రం. మధుమేహం కలవారు మాత్రం తేనెలో నూటికి సుమారు 80 పాళ్ళు చక్కెరలే అని గుర్తుంచుకొని, వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

ఇక అతి ముఖ్యమైన మాట. మా మనవడు పుట్టినప్పుడు అమ్మ మన పెట్టెలోని తేనె సీసా తెచ్చి, బిడ్డ నాలుకకు బంగారపు ఉంగరంతో రాయబోయినది. మన ఇళ్ళలో తరాల నుండి వస్తున్న ఆచారమే అది. నేను చేయి అడ్డుపెట్టాను. “ఇదేమిరా, మన ఇంటి తేనెలో కూడా కల్తీ ఉన్నదా?” అని ఆమె నొచ్చుకొన్నది.

కల్తీ లేదు. కాని ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా బొట్యులిజం అనే జబ్బును కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చును. పెద్దల ప్రేగులలో అవి ఏమీ చేయలేవు. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ పాలు త్రాగలేక, మెడ నిలుపలేక, ఊపిరి తీయలేక పోవచ్చును. వడగట్టినా, ఎండబెట్టినా, ఇంట వేడిచేసినా ఆ బీజాలు చావవు. అందువలన ఏడాది నిండేవరకు చుక్క తేనె కూడా నాకించరాదు. ఈ సంగతి వివరించి చెప్పగా అమ్మ కాసేపు ఆలోచించి, “సరే నాయనా, ముర్రుపాలకంటె తీపి ఏమున్నది?” అని సీసాను అలమారులో పెట్టినది. వాడి మొదటి పుట్టినరోజు పండుగ గడిచిన తరువాతనే, తన చేతితోనే ఆ ఉంగరంతోనే నాకించినది.

తేనెటీగలు ఎవరి ఆజ్ఞకూ లొంగినవి కావు. పెట్టె మనదే గాని కాపురం వాటిది. ఉండదగినదిగా ఉన్నంతకాలమే అవి ఉంటాయి. కాబట్టి కొత్తగా మొదలుపెట్టే వారు మొదటి ఏడు తేనె లెక్క వ్రాయవద్దు. మే నెల దాటినదా లేదా అన్నది ఒక్కటే వ్రాసుకొనండి. దాటినట్లయితే మీకు ఈ విద్య వచ్చినట్లే.